ఈ రాయి దాకానే

ఎమ్మిగనూరు జాతర పేరెత్తితే ఇప్పటికీ చాలామంది ముఖాలు వెలుగుతాయి. నాకు ఒళ్ళు మండుతుంది. దేవుడి మీద నాకు కోపమేమీ లేదు. ఆయన ఏడాదికొకసారి తేరెక్కి ఊరు చూసి, మళ్ళీ గుళ్ళోకి వెళ్ళి తన పని తాను చూసుకుంటాడు. నా కోపమంతా ఆయన పేరు చెప్పుకొని వచ్చే మంద మీద. మామూలు రోజుల్లో మర్యాదగా పక్కకు తప్పుకొని దారిచ్చే మనిషి జాతర వారంలో రెండు మోచేతులూ బయటపెట్టి నడుస్తాడు. పొద్దంతా మగ్గం గుంటలో కదలకుండా కూర్చోగలిగినవాడు బొరుగుల అంగడి ముందు ఒక్క నిమిషం నిలబడలేడు. ముందున్న ఆడమనిషి భుజం మీదుగా చెయ్యి చాపి, ఆమె నెత్తిన సగం బొరుగులు ఒలకబోసి, ఏదో ఘనకార్యం చేసినట్టు నవ్వుకుంటూ పోతాడు. వాళ్ళలో మావాళ్ళూ ఉన్నారు, దాచుకోవడమెందుకు. మా మామగారు ఒకసారి అలాగే తోసుకుంటూ వెళ్ళి, ఎవరి కోసం కొన్నాడో ఎవరికీ తెలియని ఒక గిలక్కాయతో ఇంటికొచ్చాడు.

ఆ వారంలో మా ప్రాంతం వాళ్ళ తెలివంతా ఎక్కడ బయటపడుతుందంటే, జాగా పట్టడంలో. జాగా పట్టడానికి మనిషి అక్కర్లేదు. బస్సు వచ్చి ఆగీ ఆగకముందే కిటికీలోంచి ఒక తువ్వాలు లోపలికి పడుతుంది. అది పడిన సీటు ఆ తువ్వాలు గలవాడిది. ఆ తరువాత వాడు పోయి కాఫీ తాగవచ్చు, గాజులు బేరమాడవచ్చు, గుండు చేయించుకొని రావచ్చు. ఎవ్వరూ ఆ సీటు ముట్టుకోరు. పక్కవాడి నూలు కాజేసినవాడు, పొలం గట్టు జరిపినవాడు కూడా తువ్వాలు జరపడు. నీళ్ళ దగ్గర అయితే బిందె, కిరసనాయిలు అంగడి దగ్గర డబ్బా, గుడి దగ్గర చెప్పుల జత, చేతిలో ఏమీ లేనివాడికి రాయి. వరుసలో మనిషి నిలబడితే తోసేసి పోయేవాళ్ళు, రాయి ఉంటే మాత్రం బుద్ధిగా దాని వెనక నిలబడతారు. ఇలాంటి విడ్డూరం ఇంకే దేశంలోనైనా ఉందో లేదో నాకు తెలియదు. ఉండదనే నమ్మకం.

నేను చెప్పేది ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తల మాట. అప్పటిదాకా బళ్ళారి జిల్లాలో ఉన్న మా ఊళ్ళు కర్నూలు జిల్లాలోకి వచ్చాయి. జిల్లా మారినా, జబ్బు చేస్తే జనానికి బళ్ళారే గుర్తొచ్చేది. మాది నేతపని ఇల్లు. నాన్న మగ్గం నేసేవాడు, అమ్మ రాట్నం దగ్గర కూర్చొని కండెలకు నూలు చుట్టి ఇచ్చేది. నన్ను అదే ఊళ్ళో రెండు వీధుల అవతల ఇచ్చారు కనుక, పెళ్ళయినా సగం పొద్దు అమ్మ దగ్గరే గడిచేది.

ఆ ఏడు అమ్మ చుట్టిన కండెల్లో పోగులు తెగడం ఎక్కువైంది. నాన్న నూలును తిట్టాడు, నూలిచ్చినవాణ్ణి తిట్టాడు, గాలిలో తేమ లేదని ఆకాశాన్ని కూడా తిట్టాడు. అమ్మ కళ్ళ మీదికి మాత్రం ఆయన అనుమానం పోలేదు. ఒకరోజు అమ్మ చారు విస్తట్లో కాకుండా విస్తరి పక్కన పోసింది. నేను పట్టుబట్టి అడిగితే, ఒక కంటికి కాస్త మసకగా ఉందని, పొయ్యి పొగకు అట్లా అయిందని, రెండో కన్ను బాగానే ఉందని చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు కూడా చేత్తో చారు గిన్నె వెతుకుతూనే ఉంది.

జాతరకు ముందు, ఆదోని నుంచి నూలు బండి తోలుకొచ్చిన మనిషి ఒక కబురు చెప్పాడు. బళ్ళారి నుంచి పెద్ద కళ్ళ డాక్టరు ఆదోనికి వస్తున్నాడట. పత్తి వ్యాపారులు కొందరు ఖర్చు పెట్టుకొని పిలిపించారట. అక్కడి సత్రంలోనే కంటి పొర తీస్తాడట, మనం ఇవ్వాల్సింది ఏమీ లేదట. అయితే ఎవరికి ఆపరేషను చేయాలో ఎంచుకోవడానికి చివరి రోజు మా తేరు మర్నాడే. ఆ పొద్దు మధ్యాహ్నం లోపల చూపించుకున్నవాళ్ళకే ఆపరేషను, ఆ తరువాత కొత్తవాళ్ళను చూడడు. పొర ముదిరిపోతే ఎవరూ ఏమీ చేయలేరని, తన పెద్దమ్మకు అట్లాగే రెండు కళ్ళూ పోయాయని ఆ మనిషి చెప్పి, ఎడ్లను విప్పుకోవడానికి పోయాడు.

తేరు మర్నాడు అంటే ఇంటి నిండా చుట్టాలు. గోనెగండ్ల నుంచి వచ్చినవాళ్ళు, కౌతాళం నుంచి బండి కట్టుకొని వచ్చినవాళ్ళు, ఎవరి తరపు చుట్టమో ఎవరూ కచ్చితంగా చెప్పలేని ఒక ముసలాయన. వీళ్ళంతా దేవుణ్ణి చూసింది గడియసేపు, మా వంటింటి వైపు చూసింది మూడు రోజులు. అమ్మ ఆ మసక కళ్ళతోనే వాళ్ళకు రొట్టెలు తట్టింది. ఒక రొట్టె మాడితే ఒక వదిన, జాతర పూటైనా కాస్త మనసు పెట్టి చేయకూడదా అంది. తినే నోటితోనే అంది. అమ్మను ఆదోనికి తీసుకుపోతానని నేను చెప్పగానే, అయినవాళ్ళు ఇంట్లో ఉండగా ఎట్లా పోతారు, వాళ్ళకు ఎవరు వండిపెడతారు అని నాన్న అడిగాడు.

"సుట్టాలకు సేతులు ఉండాయి గదా నాయనా. అమ్మకే కండ్లు లేవు" అన్నాను.

చుట్టాలు వినాలనే అన్నాను. విన్నారు. నాన్న మగ్గం వైపు పోయాడు. ఆయన ఒప్పుకున్నప్పుడు అట్లాగే పోతాడు.

తెల్లవారుతూనే అమ్మ చెయ్యి పట్టుకొని బస్సు ఆగేచోటికి వెళ్ళాను. జాతరకు వచ్చిన ఆదోని జనమంతా తిరిగి పోవడానికి అక్కడే ఉన్నారు. బస్సు ఇంకా మలుపు తిరగనే లేదు, జనం దానికి ఎదురు పరుగెత్తారు. అది ఆగేసరికి సీట్లన్నీ తువ్వాళ్ళతో నిండిపోయాయి. నేనూ ఒక తువ్వాలు విసిరి ఉండొచ్చు. అమ్మ చెయ్యి వదిలితే ఆమె ఏ ఎద్దు కాళ్ళ కింద పడుతుందోనని విసరలేదు. మేము ఎక్కేసరికి లోపల మనుషులు తక్కువ, తువ్వాళ్ళు ఎక్కువ. మా ఊరు నేతవాళ్ళ ఊరు కావడం వల్ల అక్కడ ఇంకొక చిక్కు కూడా వచ్చింది. ఆ తువ్వాళ్ళన్నీ మా ఊళ్ళో నేసినవే, అన్నిటికీ అదే ఎర్ర అంచు, అదే వెడల్పు, అదే పోగు. కాఫీలు, బేరాలు ముగించుకొని తీరిగ్గా వచ్చిన పెద్దమనుషులకు ఏ తువ్వాలు ఎవరిదో తెలియలేదు. ఒకాయన ఒక సీటు మీది తువ్వాలు ఎత్తి వాసన చూసి, ఇది నా నస్యం వాసనే అని కూర్చున్నాడు. రెండో ఆయన అదే తువ్వాలు లాక్కొని వాసన చూసి, తనూ అదే నస్యం పీలుస్తానన్నాడు. కండక్టరు వాళ్ళ తగవు తీరేదాకా బస్సు తీయనివ్వలేదు. అటు పొద్దు ఎక్కుతోంది. మధ్యాహ్నం లోపల అన్న మాట నా చెవిలో గింగురుమంటూనే ఉంది.

ముందు వరుసలో ఒక సీటు మీద తువ్వాలు ఉంది, మనిషి లేడు. బస్సు కదిలినా రాలేదు. అమ్మను కూర్చోమన్నాను.

"ఆడ తువ్వాలు ఉండాది కదే. ఎవురిదో జాగా. దారిలో ఎక్కుతారేమో" అంది అమ్మ.

నేను ఆ తువ్వాలు తీసి పక్కన పడేయబోయాను. ఆ పక్క సీట్లో మిఠాయి బుట్ట ఒళ్ళో పెట్టుకున్న ఒక ఆసామి, ఎవరి తువ్వాలు తీస్తున్నావని నన్ను గద్దించాడు. అమ్మ సిగ్గుపడి, తువ్వాలు నా చేతిలోంచి తీసుకొని, తడుముకుంటూ సీటు మీద పరిచి, ముడతలు సరిచేసింది. కాసేపటికి ఆ ఆసామికి తొడలు నొప్పి పుట్టి తన మిఠాయి బుట్టను ఆ తువ్వాలు మీదే పెట్టాడు. మిఠాయి కూర్చోవచ్చు, మా అమ్మ కూర్చోకూడదు. ఆదోని దాకా ఆ తువ్వాలు గలవాడు ఎక్కనే లేదు. తువ్వాలు హాయిగా కూర్చొని వచ్చింది, అమ్మ పైకడ్డీ పట్టుకొని నిలబడి వచ్చింది. అంతమంది మగవాళ్ళలో ఒక్కడికీ అది తప్పుగా కనపడలేదు.

దారి పొడుగునా జాతర పశువుల సంతలో కొన్న ఎడ్లు. కొమ్ములకు రంగులు పూసి, మెడకు గంటలు కట్టి, కొన్నవాడు వాటిని రోడ్డు నడుమనే నడిపిస్తాడు. పక్కన నడిపిస్తే ఎవరు చూస్తారు మరి. డ్రైవరు హారను కొడితే ఎడ్లు బెదిరి అడ్డం తిరిగేవి. వాటి యజమాని వెనక్కి తిరిగి, కొత్త ఎడ్లప్పా, మెల్లగా పో అని డ్రైవరుకే బుద్ధి చెప్పేవాడు. ఆదోని దగ్గరపడేసరికి ఎడ్లు పోయి పత్తి బండ్లు వచ్చాయి. పత్తి దిగుబడి కాలం అది. జిన్నింగు మిల్లుల గేట్ల ముందు నుంచి ఊరి బయట దాకా బండ్లు రెండు వరుసల్లో నిలబడి ఉన్నాయి. మొదటి వరుసలోకి దూరాలని రెండో వరుస, రెండో వరుసను దాటాలని నడుమ ఇంకొక నాలుగు బండ్లు. ఎవరూ వెనక్కి పోయేదానికి ఒప్పుకోరు, ముందుకు పోయేదానికి దారి లేదు. బండ్లవాళ్ళు నొగల మీద నిలబడి ఒకళ్ళ తాత ముత్తాతలను ఒకళ్ళు గుర్తు చేసుకున్నారు. క్లీనరు దిగి వాళ్ళతో పాటు అరవడం మొదలుపెట్టాడు. బస్సు ఇక కదలదని తెలిసి, నేను అమ్మను దింపుకొని నడిచాను. గాలికి ఎగిరిన పత్తి అమ్మ తల నిండా అంటుకుంది. రోడ్డు మీది పేడ కనపడక ఆమె తొక్కుకుంటూ వచ్చింది. ఎంత దూరమని ఒక్కసారి కూడా అడగలేదు.

సత్రం ముందు వరుస వీధి మలుపు దాకా ఉంది. దగ్గరికి పోయి చూస్తే మనుషులు పలచగానే ఉన్నారు. నడుమ నడుమ చెప్పుల జత, మూత లేని చెంబు, ఒక చేతికర్ర, మిగతావన్నీ రాళ్ళు. ఆదోనిలో దేనికి కొదవ ఉన్నా రాళ్ళకు లేదు. వాటిని పెట్టినవాళ్ళు కొందరు ఎదురుగా కాఫీ హోటల్లో నీడన కూర్చున్నారు. కొందరు మా ఊరి జాతర నుంచి ఇంకా రానే లేదట, తెలిసినవాళ్ళ చేత పొద్దున్నే పెట్టించారట. మా ముందు తలకాయంత గుండ్రాయి ఉంది. మా వెనక కౌతాళం వైపు నుంచి వచ్చిన, మాకు తెలియని ఒక ముసలాయన నిలబడ్డాడు. ఆయనకు కన్నడమే ఎక్కువ వచ్చు. ముందర ఎంతమంది ఉన్నారని అడిగాడు. మనుషులు తక్కువేనని, రాళ్ళు ఎక్కువని చెప్పాను. ఆయన నేను వేళాకోళం చేస్తున్నానని అనుకున్నాడు.

వరుస కదిలినప్పుడల్లా ఎవరి ముందున్న రాయిని వాళ్ళు కాలితో ముందుకు జరిపి, తరువాత తాము జరిగేవాళ్ళు. లేని మనిషికి చాకిరీ అన్నమాట. మా అమ్మ కాలితో జరపలేదు. కాలు తగిలితే ఆ మనిషికి తగిలినట్టే కదా అని, వంగి, నేల తడిమి, రెండు చేతులతో ఆ గుండ్రాయిని నెట్టి, నడుం పట్టుకొని లేచేది. నేను నెడతానంటే, నా నోరెంత దురుసో నా కాలూ అంతేనని నన్ను నెట్టనివ్వలేదు. ఆ రాయి గలవాడు ఎవడో గాని, వాడి కన్నతల్లి కూడా వాణ్ణి అంత భద్రంగా చూసుకొని ఉండదు.

మధ్యాహ్నం కావస్తుండగా లోపలి నుంచి, వ్యాపారుల తరపున పెత్తనం చేసే ఒక పెద్దమనిషి వచ్చాడు. చొక్కాకు రిబ్బను పువ్వు గుచ్చుకున్నాడు, చేతిలో గొడుగు. మేము వచ్చినప్పటి నుంచీ ఆయన పక్క తలుపులో నుంచి కొందరిని లోపలికి పంపుతూనే ఉన్నాడు. ఎవరని అడిగితే మనోళ్ళే అనేవాడు. ఆ ఒక్క మాటతో లోపలికి పోయినవాళ్ళు, ఎండలో నిలబడినవాళ్ళ కంటే ఎక్కువ ఉంటారు. ఆయన గొడుగు మొనతో చూపుకుంటూ వరుసను లెక్కపెట్టాడు. మనిషి దగ్గర ఒకసారి, చెంబు దగ్గర ఒకసారి, రాయి దగ్గర ఒకసారి గొడుగు ఆగింది. మా ముందున్న గుండ్రాయి మీద ఆనించి నిలిపేశాడు.

"ఈ రాయి దాకానే. ఎనకోళ్ళు ఇండ్లకు పోవచ్చు" అన్నాడు.

రాళ్ళను కూడా లెక్కపెట్టారా అని అడిగాను. ఆయనకు నా ప్రశ్న అర్థం కాలేదు. నిజంగానే అర్థం కాలేదు, అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. రాయి అయితేనేమి, దాని వెనక మనిషి ఉన్నాడు కదా, ముందుగా జాగా పెట్టుకున్నవాళ్ళకు అన్యాయం చేస్తే పాపం కదా అన్నాడు. పాపం అన్న మాట కూడా వాడాడు. కౌతాళం ముసలాయన చేతులు జోడించాడు. అమ్మ నా కొంగు పట్టి లాగింది.

"పోదాం పా. వచ్చే ఏడు సూపిచ్చుకుందాం. ఒక కన్ను బాగానే ఉండాది గదా నాకు" అంది.

నేను వంగి ఆ రాయిని ఎత్తుకున్నాను. బరువుగానే ఉంది. కొంగులో పెట్టుకొని, మనోళ్ళు పోయే పక్క తలుపులో నుంచే లోపలికి పోయి, డాక్టరు ముందున్న బల్ల మీద దించాను. రిబ్బను పెద్దమనిషి రొప్పుకుంటూ నా వెనకే వచ్చాడు.

"అయ్యా, ముందు దీని కండ్లు సూడండి. మా యమ్మకంటే ముందు వంతు దీనిదేనంట" అన్నాను.

డాక్టరు నడివయసు మనిషి. నిద్ర లేక కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. ఆయన నవ్వలేదు, నన్ను తిట్టనూ లేదు. రాయిని చూశాడు, నన్ను చూశాడు, తరువాత రిబ్బను పెద్దమనిషిని బయట ఇంకా ఎంతమంది ఉన్నారని అడిగాడు. ఆయన తను లెక్కపెట్టినదంతా చెప్పాడు. డాక్టరు లేచి గుమ్మం దాకా వచ్చి వీధి వైపు చూశాడు. చాలాసేపే చూశాడు. తిరిగి వచ్చి కూర్చొని, ఊపిరి పీల్చేవాళ్ళను మాత్రమే లోపలికి తీసుకురమ్మని తన కాంపౌండరుకు చెప్పాడు.

అప్పుడు లేచింది రభస. కాఫీ హోటల్లో ఉన్నవాళ్ళంతా మూతులు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చారు. పొద్దుటి నుంచి రాళ్ళు పెట్టి కాచుకుంటే ఇప్పుడొచ్చినవాళ్ళను ముందు పంపుతారా అని అరిచారు. కాచుకున్నది రాళ్ళని వాళ్ళకు తట్టనే లేదు. గుండ్రాయి గలవాడు కూడా దొరికాడు. నా రాయి ఎవరు తీశారని వీధంతా తిరిగి, అది డాక్టరు బల్ల మీద ఉందని తెలిసి, లోపలికి వచ్చి దాన్ని అడిగి తీసుకున్నాడు. తీసుకుపోయి మళ్ళీ వరుసలో అది ఉన్న చోటే పెట్టాడు. పెట్టి హోటల్లోకి పోయాడు. కళ్ళు పోయినవాళ్ళకు డాక్టర్లు ఉన్నారు, ఇలాంటివాళ్ళకు ఎవరూ లేరు.

డాక్టరు అమ్మ కనురెప్పలు ఎత్తి దీపం పెట్టి చూశాడు. మసకగా ఉందని ఆమె చెప్పిన కన్ను ఎప్పుడో పోయిందట, దానికి చేయగలిగింది లేదట. బాగానే ఉందని చెప్పిన కంటిలో పొర ముదిరి ఉందట, దాన్ని మర్నాడు తీస్తానన్నాడు. వచ్చే ఏటిదాకా ఆగి ఉంటే అదీ దక్కేది కాదన్నాడు. ఎప్పటి నుంచి కనపడటం లేదని అమ్మను అడిగాడు. ఈ మధ్యనే అని అమ్మ చెప్పింది. డాక్టరు నా ముఖం వైపు చూసి, దీపం పక్కన పెట్టాడు. కౌతాళం ముసలాయనను కూడా ఎంచుకున్నాడు. అమ్మ బయటికి వస్తూ, రిబ్బను పెద్దమనిషి గొంతు వినపడిన వైపు దండం పెట్టి, మా పిల్లకు నోరెక్కువ, ఏమీ అనుకోవద్దు సామీ అంది. ఆయన పెద్ద మనసుతో సరేనన్నాడు.

ఆపరేషను అయ్యాక అందరినీ సత్రం వసారాలో చాపల మీద వెల్లకిలా పడుకోబెట్టారు. తల కదలకూడదని రెండు పక్కలా ఇసుక మూటలు పెట్టారు. అమ్మ దగ్గర నేనే ఉన్నాను. ఆ రోజుల్లో ఆమె అడిగినవన్నీ ఇంటి సంగతులే. చుట్టాలు పోయారా, కండెలు ఎవరు చుడుతున్నారు, నాన్న వేళకు తింటున్నాడా. కన్ను వస్తుందా రాదా అని మాత్రం అడగలేదు. నేనూ ఆ మాట ఎత్తలేదు. రాత్రీ పగలూ అదే తలుచుకుంటూ, జాతరను, తువ్వాళ్ళను, రాళ్ళను, రిబ్బను పువ్వును మనసులో శపిస్తూ కూర్చున్నాను.

కట్టు విప్పిన రోజు కాంపౌండరు ఒక మందపాటి అద్దం అమ్మ కంటి ముందు పట్టాడు. అమ్మ ముందు అతన్ని చూసింది, గోడను చూసింది, పక్క చాప మీది ముసలాయనను చూసింది. తరువాత నా వైపు తిరిగి కిందినుంచి పైదాకా చూసింది.

"ఈ పచ్చసీర యాడిదే? బాగుండాది. నేనెప్పుడూ సూడలేదే" అంది.

ఆ చీర అమ్మ కొనిచ్చిందే. నా పెళ్ళయిన ఏడాది, అంగట్లో నా పక్కన కూర్చొని, అంచు వేళ్ళతో తడిమి, ఈ రంగు నీకు నప్పుతుంది తీసుకో అని తనే ఎంచింది. అప్పటి నుంచి ఎన్నోసార్లు అది కట్టుకొని ఆమె కళ్ళ ముందే తిరిగాను.

"మొన్న జాతరలో కొనుక్కున్నానమ్మా" అన్నాను.